కాలువ రికార్డులో ఉంది, నేల మీద లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తూముగట్టు · ఆదివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మాది తిరుపతి గ్రామీణ మండలంలో స్వర్ణముఖికి దగ్గరలోని పల్లె. అర్జీ ఇంకా పెట్టలేదు కాబట్టి ఊరి పేరు ఇప్పుడే రాయను. మా చెరువు కింద నాన్నకు ఎకరా నలభై సెంట్ల మడి ఉంది. 2021 నవంబరు వానలకు చెరువు నిండి మొరవ (మిగులు నీళ్లు బయటికి పోయే చోటు) పారింది. అదే ఆఖరు. ఆ తర్వాత మంచి వానలు పడిన ఏడాది కూడా సగానికి మించి నిండలేదు. ఈసారి నాన్న వరి మానేసి వేరుశనగ వేశారు.

మొన్న శనివారం ఆయనతో కలిసి సరఫరా కాలువ వెంట నడిచాను. గుట్ట మొదలు నుంచి చెరువు దాకా రెండు కిలోమీటర్లు ఉంటుంది. మొదటి అర కిలోమీటరు కాలువ కాలువలాగే ఉంది. రెండు గట్లు, కానుగ చెట్లు, మధ్యలో ఇసుక మేట. ఆ తర్వాత ఒక ప్రహరీ గోడ అడ్డం వచ్చింది. గోడ అడుగున రెండడుగుల సిమెంటు గొట్టం, దాని నోటి నిండా ప్లాస్టిక్ సంచులు. అవతల నలభై అడుగుల రోడ్డు, ఇరుపక్కలా ప్లాట్ల హద్దురాళ్లు. నాన్న ఒక చోట ఆగి కాలితో నేలను తట్టి, "ఇక్కడ నడుము లోతు ఉండేది. మీ పెదనాన్న ఇక్కడే మావు పెట్టి చేపలు పట్టేవాడు" అన్నారు. అక్కడిప్పుడు ఒక కొబ్బరి మొక్క ఉంది, చుట్టూ సున్నం పూసిన ఇటుకలు.

భూమి రికార్డుల ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో ఆ సర్వే నంబరు చూశాను. 'కాలువ పోరంబోకు', అంటే ప్రభుత్వ కాలువ భూమి అనే ఉంది. రికార్డులో ఉన్న కాలువ నేల మీద ఎందుకు లేదు? ఎవరిని అడగాలి? ఏ కాగితం చేతిలో పెట్టుకుని అడగాలి? తెలిసినవారు చెప్పండి.


కొరమేనుగుంట · ఆదివారం, రాత్రి 9.45

అన్నా, మీకు చెరువైనా మిగిలింది. తిరుపతి పటం తీసి పేర్లు చదవండి. కొర్లగుంట, కొరమేనుగుంట, చెన్నాయగుంట, గొల్లవానిగుంట, తాతయ్యగుంట, తుమ్మలగుంట. గుంట అంటే నీళ్లు నిలిచే చోటు అని చిన్నపిల్లలకైనా తెలుసు. మా వీధి పేరులో చేప కూడా ఉంది.

2021 నవంబరు 18 రాత్రి కపిలతీర్థం దగ్గర కొండ మీద నుంచి నీళ్లు ఏ తీరున దూకాయో టీవీలో అందరూ చూశారు. ఆ నీళ్లు తర్వాత ఎక్కడికి పోయాయో మేం చూశాం. మా ఇంట్లో మోకాలి లోతు. మా అత్తగారిని మంచం మీద కూర్చోబెట్టి, మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుంటూ తెల్లవార్లూ గడిపాం. పిల్లల పుస్తకాలు కింది అరలో ఉండేవి, అన్నీ పోయాయి. ఆ తర్వాత రెండుసార్లు రంగులు వేయించాం. వానాకాలం వస్తే గోడ మీద చెమ్మ ఆ రోజు నీళ్లు నిలిచిన గీత దాకానే ఎక్కి ఆగుతుంది.

మీ కాలువ గొడవ మీ ఒక్క ఊరిదే అనుకోకండి. మీరు అర్జీ పెడితే నేనూ సంతకం పెడతాను.


ప్లాటు 47 · ఆదివారం, రాత్రి 10.20

తూముగట్టు గారూ, మీరు చెప్పింది మా లేఅవుట్ గురించేనని అనుమానంగా ఉంది. కాకపోయినా నా మాట చెప్పాలి. మేం ఆక్రమణదారులం కాము. అనుమతి ఉన్న లేఅవుట్ అన్నారు, బ్యాంకు రుణం ఇచ్చింది, రిజిస్ట్రేషన్ జరిగింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో కూడబెట్టింది అందులో పెట్టాను. అమ్మినవాళ్లు చూపించిన పటంలో కాలువ లేదు, రోడ్డే ఉంది. పొక్లెయిన్ వస్తే మొదట మా గోడకే వస్తుంది. అమ్మినవాళ్ల గోడకు రాదు. కొన్నవాళ్లను దొంగల్లా చూడవద్దని మాత్రం కోరుతున్నాను.


అరవైఆరు అడుగులు · సోమవారం, ఉదయం 6.15

బాబూ, నేను సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్లు కొలత గొలుసు లాగిన మనిషిని. గొలుసు అరవై ఆరు అడుగులు, అందులో నూరు లింకులు. నా పేరు అక్కడిదే. అడిగారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీభూమిలో కనిపించేది అడంగల్ (సాగు వివరాలు), 1-బి (హక్కుదారుల వివరాలు). అవి నిన్న మొన్నటివి. మీకు కావలసింది మొదట ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. ఏ నంబరు ప్రభుత్వానిది, ఏది పట్టా, ఏది చెరువు, ఏది వాగు, ఏది మేత పోరంబోకు అన్నది బ్రిటిష్ కాలంలో గ్రామం గ్రామం తిరిగి రాసిపెట్టిన పుస్తకం అది. కార్వేటినగరం, పుంగనూరు వంటి జమీందారీ పల్లెలైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత రాసిన సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్ చూడాలి. రెండోది గ్రామ పటం. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎఫ్‌ఎంబీ. అంటే పొలం కొలతల పుస్తకం. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పటం, గట్టు గట్టుకూ కొలత లింకుల్లో రాసి ఉంటుంది. కాలువ వెడల్పు అందులో దొరుకుతుంది. ముప్పై లింకులు అని ఉంటే ఇరవై అడుగులు అని లెక్క వేసుకోండి.

కాలువ ఎలా మాయమవుతుందో నా కళ్లతో చూశాను. ఒక్క రాత్రిలో మాయం కాదు. పక్క రైతు ఏటా దున్నేటప్పుడు గట్టును ఒక చాలు చెక్కుతాడు. పదేళ్లకు ఇరవై అడుగులు పన్నెండు అవుతుంది. ఆ చెక్కిన భాగాన్ని శివాయిజమా సాగు (ప్రభుత్వ భూమిలో అనుమతి లేని సాగు) అని అడంగల్‌లో రాస్తారు, జరిమానా కడతాడు. కట్టిన రసీదునే హక్కు పత్రంలా దాచుకుంటాడు. ఆ చేనును లేఅవుట్‌కు అమ్మేటప్పుడు కాలువ కూడా చేనుతో పాటే కొలతలోకి పోతుంది. మిగిలిన పన్నెండు అడుగుల మీద రోడ్డు వేసి, కింద గొట్టం పెడతారు. 'కాలువ అలాగే ఉంది, గొట్టంలో పారుతోంది' అని రాస్తారు. ఇరవై అడుగుల నీళ్లు రెండడుగుల గొట్టంలో ఎలా పడతాయని అడిగేవారు ఉండరు.

చెరువును ఆక్రమిస్తే ఊరంతా చూస్తుంది, పత్రికలో వస్తుంది. కాలువ సన్నటి పట్టీ, దాని కోసం ఎవరూ గొంతెత్తరు. కానీ ఇరవై అడుగుల వెడల్పు, ఒక కిలోమీటరు పొడవు అంటే ఎకరన్నర ప్రభుత్వ భూమి. తిరుపతి పక్కన అంకణాల (ఇళ్ల స్థలాల చిన్న కొలత) లెక్కన అమ్మే చోట అది ఎంతవుతుందో మీరే వేసుకోండి.

ఇంకో చిక్కు ఉంది. చిన్న కాలువలకు చాలా చోట్ల విడిగా సర్వే నంబరే ఉండదు. పట్టా నంబరు పటంలో రెండు గీతలుగా మాత్రమే ఉంటాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో కొత్త పటాలు వచ్చాయి. పాత పటంలోని ఆ రెండు గీతలు కొత్త పటంలోకి వచ్చాయా లేదా అని మీ ఊరివాళ్లే దగ్గరుండి చూసుకోవాలి. ఒకసారి తప్పిపోతే మళ్లీ ఎక్కించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ప్లాటు 47 గారూ, మీ బాధ అర్థమైంది. మిమ్మల్ని ఎవరూ దొంగ అనలేదు. మీ లేఅవుట్ పటం, పాత ఎఫ్‌ఎంబీ పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పుడే నిజం తేలుతుంది.


వానలెక్క · సోమవారం, మధ్యాహ్నం 1.30

సార్ మాటకు నా వంతు లెక్క కలుపుతాను. నేను ఇక్కడే పర్యావరణ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను.

ఒక ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల పైమాటే. దున్నిన చేను అయితే అందులో సుమారు 30 శాతం బయటికి పారుతుంది, మిగతాది నేలలోకి దిగుతుంది. అదే చేను రోడ్లు, కప్పులు, సిమెంటు ముంగిళ్లు అయితే మూడింట రెండు వంతులకు పైగా బయటికే వస్తుంది. ముప్పై ఎకరాల లేఅవుట్ అనుకుందాం. మునుపు 36 లక్షల లీటర్లు పారిన చోట ఇప్పుడు 85 లక్షలు పారుతుంది. తేడా దాదాపు 50 లక్షల లీటర్లు, అంటే 12 వేల లీటర్ల ట్యాంకర్లతో నాలుగు వందల ట్రిప్పులు. మునుపు అది గంటల తరబడి మెల్లగా వచ్చేది, ఇప్పుడు ఒక్కసారిగా వస్తుంది. నీళ్లు పెరిగిన సమయంలోనే కాలువను ఇరవై అడుగుల నుంచి రెండడుగులకు తగ్గించాం. అందుకే ఒకే వానకు కొరమేనుగుంట అక్క ఇంట్లో వరద, తూముగట్టు అన్న చెరువులో కరవు. ఈ రెండూ ఒకే తప్పుకు రెండు కొసలు.

తిరుపతి ఎందుకు ఇలా పెరిగింది అంటే దానికీ కారణం ఉంది. ఉత్తరాన శేషాచలం. అది అడవి, 1989 నుంచి జాతీయ ఉద్యానం, 2010 నుంచి జీవావరణ రిజర్వు, ఎర్రచందనం పుట్టిల్లు. అటు ఇల్లు కట్టే వీలు లేదు, ఉండకూడదు కూడా. కాబట్టి ఊరు దక్షిణాన ఏటి వైపు, తూర్పున రేణిగుంట, ఏర్పేడు వైపు, పడమర చంద్రగిరి వైపు పాకింది. అన్నీ చెరువుల కింది పల్లెలే. 2011 జనాభా లెక్కల్లో నగర పరిధిలో మూడు లక్షలకు కాస్త తక్కువ, చుట్టూ కలిసిపోయిన పల్లెలతో నాలుగున్నర లక్షలు దాటింది. ఆ తర్వాత పెరిగింది కళ్ల ముందే ఉంది.


డీకేటీ బిడ్డ · సోమవారం, రాత్రి 8.50

అందరూ బాగా రాశారు. నా ప్రశ్న వేరే.

మా తాతకు చెరువు లోతట్టుకు (నీళ్లు నిలిచే భాగానికి) పైన రెండెకరాలు డీకేటీ పట్టా, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చే అసైన్డ్ భూమి పట్టా ఇచ్చారు. భూమి లేని కుటుంబం, అందుకే ఇచ్చారు. 1977 చట్టం ప్రకారం ఆ భూమి అమ్మకూడదు, కొన్నా చెల్లదు. కానీ మా నాన్న, మా అక్క పెళ్లికి ఒక ఎకరం తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశారు. కొన్నవాడు దానికి కంచె వేసుకుని దర్జాగా ఉన్నాడు. మిగిలిన ఎకరంలో మేం చిక్కుడు వేస్తే, చెరువును ఆక్రమించారని మా మీదకు భూ ఆక్రమణ చట్టం ఏడో సెక్షన్ నోటీసు వచ్చింది. 2023లో చట్టం మార్చి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కు అన్నారు, 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపారు. మాకు ఏది చట్టమో తెలియడం లేదు.

చెరువులు కాపాడాలి, నేను కాదనను. మా అమ్మ కూడా ఆ చెరువు నీళ్లతోనే బతికింది. కానీ చెరువు అనగానే మొదట గుడిసెల దగ్గరికే వెళ్తారు. ప్రహరీ గోడల దగ్గరికి ఆఖరున వెళ్తారు, లేదా వెళ్లరు. ఆ వరస మార్చి అడిగితే నేను మీతో వస్తాను.


కొరమేనుగుంట · సోమవారం, రాత్రి 9.15

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. అర్జీలో మొదటి వాక్యం అదే రాద్దాం. మొదట కాలువ, మొదట గోడ. గుడిసెల జోలికి వెళ్లేముందు వాళ్లకు వేరే చోటు చూపాలి.


అరవైఆరు అడుగులు · మంగళవారం, ఉదయం 5.50

డీకేటీ బిడ్డా, నీకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. ఊరుమ్మడి భూముల మీద సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. చెరువులు, మేత భూములు ఆక్రమించిన వారిని ఖాళీ చేయించి గ్రామానికి అప్పగించాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఎన్నేళ్లుగా ఉన్నారు, ఎంత ఖర్చుపెట్టి కట్టారు అన్నది సాకు కాదని కూడా చెప్పింది. కానీ అదే తీర్పులో భూమి లేని కూలీలకు, దళిత, గిరిజన కుటుంబాలకు ప్రభుత్వమే ఇచ్చిన భూముల విషయంలో మినహాయింపు ఉంది. ఆ భాగాన్ని చాలామంది చదవరు. నీ నోటీసుకు జవాబులో మీ తాత పట్టా నకలుతో పాటు ఆ పేరా జత చెయ్యి.

అయితే ఒక్క మాట. ఆ పట్టా నిజంగా లోతట్టుకు పైన ఉందా, లోపల ఉందా కొలిపించుకో. రెవెన్యూ శాఖ పాత నియమావళి అయిన బోర్డు స్టాండింగ్ ఆర్డర్ 15 ప్రకారం నీళ్లు నిలిచే చోట పట్టా ఇవ్వకూడదు. ఇచ్చినవాళ్లు తప్పు చేసి ఉంటే, ఆ తప్పుకు ప్రత్యామ్నాయ భూమి అడిగే హక్కు నీకు ఉంది.


చిత్తూరు బెల్లం · మంగళవారం, సాయంత్రం 6.30

చిత్తూరు నుంచి రాస్తున్నాను. మాకు నీవా నది ఊరి మధ్యలోనే ఉంది, 2021లో దాని ఒడ్డున ఉన్నవాళ్లకూ నిద్ర లేదు. కట్టమంచి చెరువు పక్కన పెరిగినవాణ్ని.

ఈ చర్చ చదువుతుంటే పోరుమామిళ్ల శాసనం గుర్తొచ్చింది. కడప జిల్లాలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో తవ్వించిన చెరువు దగ్గరిది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు అని అందులో రాయించారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం, చవుడు నేల ఒకటి, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒకటి. ఆ ఆరింటిలో మరొకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం.

మన చెరువులన్నిటికీ పట్టిన దోషం అదేనని నాకు అనిపిస్తుంది. భూమి రెవెన్యూ వారిది. కట్ట, తూము నీటిపారుదల శాఖవి. లేఅవుట్ అనుమతి పట్టణాభివృద్ధి సంస్థది. వీధి కాలువ పంచాయతీదో కార్పొరేషన్‌దో. తూముగట్టు గారు అర్జీ ఇస్తే ప్రతి ఒక్కరూ పక్కవారికి పంపిస్తారు. ఆరున్నర వందల ఏళ్ల కిందట ఇది దోషమని రాతి మీద చెక్కి పెట్టారు.

తిరుమల శాసనాల్లోనూ ఇటువంటిదే ఉంది. భక్తులు స్వామికి ఇచ్చిన ధనంతో దేవస్థానం గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేవారు. అలా పెరిగిన పంటలో కొంత నైవేద్యానికి వచ్చేది. అంటే ఒకప్పుడు ఈ ప్రాంతంలో కాలువ తవ్వడమే స్వామికి కైంకర్యం. తిరుపతి చుట్టూ ఉన్న పల్లెలవాళ్లు ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి.


వేదిక నిర్వాహకులు · మంగళవారం, రాత్రి 7.00

చర్చ చాలా బాగా సాగుతోంది. ఒక మనవి. లేఅవుట్ల పేర్లు, అధికారుల పేర్లు, సర్వే నంబర్లు ఇక్కడ రాయకండి. అర్జీలో రాయండి.


వానలెక్క · బుధవారం, ఉదయం 11.00

అర్జీలో రాయాల్సిన కొలతలు ఇవి. మన రాష్ట్ర భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, ఆపై విస్తీర్ణం ఉన్న చెరువుకు పూర్తి నీటి మట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. కాలువ, వాగు వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపు అయితే 2 మీటర్లు. తూముగట్టు అన్న కాలువ ఆరు మీటర్లది, కాబట్టి దానికి ఇరుపక్కలా రెండేసి మీటర్లు. చాలా తక్కువ, అయినా అడగడానికి ఆధారం దొరికింది.

చిత్తడి నేలల నియమాలు వాడుకోవచ్చా అని ఒకరు విడిగా అడిగారు. 2017 నాటి ఆ నియమాల నిర్వచనంలో సాగునీటి కోసం మనుషులు తవ్విన చెరువులను మినహాయించారు. రాయలసీమ చెరువులు దాదాపు అన్నీ మనుషులు తవ్వినవే. వందల ఏళ్లుగా కొంగలు, బాతులు, చేపలు, తుంగ పెరిగే నీటిని, మనిషి తవ్వాడన్న ఒక్క కారణంతో పక్కన పెట్టడం నాకు మింగుడుపడదు. కాబట్టి మనకు దిక్కు రెవెన్యూ రికార్డులు, 1905 నాటి భూ ఆక్రమణ చట్టం, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం.


ప్లాటు 47 · శనివారం, రాత్రి 8.20

ఆరు రోజులుగా ఏమీ రాయలేదు. మా లేఅవుట్ పటం తెచ్చుకుని చూస్తూ కూర్చున్నాను. నిన్న మన 'అరవైఆరు అడుగులు' సర్వేయర్ గారిని కలిసి, ఆయన దగ్గరున్న పాత పటం నకలుతో పోల్చి చూశాం. తూముగట్టు గారూ, అది మా లేఅవుటే. మీ నాన్నగారు కాలితో తట్టిన చోటు మా వీధి చివర.

ఒక విషయం మీ అందరికీ చెప్పాలి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్ ద్వారా పంచాయతీకి అప్పగించాలన్నది నిబంధన. అది మాది కాదు, అమ్మినవాళ్లదీ కాదు, ప్రజలది. మా పటంలో పార్కు అని చూపిన ఆ స్థలం పొడవుగా, చెరువు వైపే ఉంది. పాత కాలువ దాని అంచు పక్కనే పోయేది. ఇళ్లు పడగొట్టకుండానే రోడ్డు కింద పెద్ద కల్వర్టు కట్టి, పార్కు స్థలంలో కాలువను మళ్లీ తెరవవచ్చు. గోడకు గేటు ఉన్న చోట ఒక్క ముప్పై అడుగులు తీయాలి. ఆ గోడ మా సంఘానిది. రేపు సమావేశంలో నేనే ప్రతిపాదిస్తాను. కొందరు కోప్పడతారు. మొన్న వానకు మా రోడ్డు మీదే అడుగు నీళ్లు నిలిచిన సంగతి వాళ్లకు గుర్తుచేస్తాను.


డీకేటీ బిడ్డ · శనివారం, రాత్రి 8.40

అన్నా, ఆ సమావేశానికి నేనూ వస్తాను. మా వైపు నుంచి నలుగురిని తీసుకొస్తాను.


తూముగట్టు · మూడో ఆదివారం, సాయంత్రం 5.30

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాం. అరవై రెండు సంతకాలు, అందులో ప్లాట్లవాళ్లవి పదకొండు. రసీదు తీసుకున్నాం. ఎఫ్‌ఎంబీ నకళ్లకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు కూడా పెట్టాం. చిత్తూరు బెల్లం గారు చెప్పినట్టు నాలుగు కార్యాలయాలకూ ఒకే అర్జీ, ఒకే పటంతో ఇచ్చి, నలుగురూ కలిసి ఒకే రోజు స్థలం చూడాలని అడిగాం. జవాబు ఇంకా రాలేదు.

ఈ రోజు పొద్దున సర్వేయర్ గారు వచ్చారు. డెబ్బై ఏళ్ల మనిషి, చేతిలో కర్ర, జేబులో టేపు. పాత పటంలో మూడు గట్లు కలిసే చోట రాయి ఉండాలని చెప్పి, కానుగ చెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఒక చెత్తకుప్ప దగ్గర ఆగారు. డీకేటీ తమ్ముడు, ప్లాటు 47 అన్న ఇద్దరూ పారతో చెత్త తీశారు. మూరెడు లోతున నల్లరాయి తగిలింది. నీళ్లు పోసి తుడిస్తే తల మీద ఉలితో చెక్కిన గుర్తు కనిపించింది. నాన్న దాని పక్కనే కూర్చుండిపోయారు. సర్వేయర్ గారు అక్కడి నుంచి టేపు పట్టించారు. ఇరవై అడుగులు. ప్రహరీ గోడ సరిగ్గా మధ్యలో వచ్చింది.

ప్లాట్ల సంఘం సమావేశంలో గోడ మాట తేలలేదు, వచ్చే నెలకు వాయిదా వేశారు. గొట్టం నోట్లో చెత్త తీయడానికి మాత్రం ఒప్పుకున్నారు. తుపాను వస్తుందంటున్నారు కాబట్టి దానికి ఆగలేం. రేపు ఉదయం ఏడు గంటలకు గొట్టం దగ్గర కలుస్తున్నాం. వచ్చేవాళ్లు పారలు, గంపలు తెచ్చుకోండి. కొరమేనుగుంట అక్క టిఫిన్ తెస్తానన్నారు.